చేతులు పట్టుకుని నడిచే ఫుట్‌బాల్ టీము

కాంకర్డ్ అంటే మా ఇంట్లో ఇన్నాళ్లూ ఒకటే అర్థం, శివ మురుగన్ గుడి. కాలిఫోర్నియాలో మేముండే శాన్ రమోన్ నుంచి 680 హైవే ఎక్కి ఉత్తరంగా ఓ అరగంట పోతే వస్తుంది. కార్తీక మాసంలో ఓసారి, పిల్లల పరీక్షలప్పుడు ఓసారి వెళ్లి దణ్ణం పెట్టుకుని, వచ్చేదారిలో ఏదో తిని ఇంటికొచ్చేస్తాం. అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ ఎవరికీ అందని రికార్డు ఉన్న డి లా సాల్ హైస్కూలు ఆ ఊళ్లోనే ఉందని, పన్నెండేళ్లుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్న నాకు తెలీదు. ఇక్కడి ఫుట్‌బాల్ (కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది) మీద నా ఆసక్తి అంతంతమాత్రం మరి. సూపర్‌బౌల్ అనే పెద్ద ఫైనల్ రోజు ఎవరైనా పిలిస్తే వెళ్లి, మిరపకాయ బజ్జీలు తింటూ మధ్యలో వచ్చే ప్రకటనలు చూసి రావడమే.

ఇదంతా ఎలా మొదలైందంటే, మావాడు ఎనిమిదో క్లాసుకొచ్చాడు. ఇక్కడ తొమ్మిది నుంచి హైస్కూలు. మా పక్క పబ్లిక్ స్కూళ్లు మంచివే, అసలు ఆ స్కూళ్ల కోసమే కదా ఇంత ఇంటి అప్పు నెత్తిన పెట్టుకుంది. అయినా మా ఆఫీసులో ఒకాయన, తొంభైల్లో డి లా సాల్ హైస్కూల్లో చదువుకున్నవాడు, లంచ్‌లో కూర్చున్నప్పుడల్లా ఒక్కసారి వచ్చి చూడు, చూశాక నీ ఇష్టం అని పట్టుబట్టాడు. క్యాథలిక్ స్కూలు, మగపిల్లలకి మాత్రమే, కాలేజ్ ప్రిపరేటరీ. ఇంట్లో ఆ మాట చెప్పగానే మా ఆవిడ "మతం గురించి ఏమన్నా బలవంతం ఉంటుందేమో కనుక్కున్నారా" అంది. ఊరినుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తగారు పక్కనుంచి అందుకుని, "ఏమ్మా, నువ్వు చదివిందెక్కడ? సిస్టర్ల స్కూల్లో కాదూ? పొద్దున పరలోకమందున్న మా తండ్రీ అని చదివి, సాయంత్రం వచ్చి తులసికోట దగ్గర దీపం పెట్టలేదూ?" అనేసరికి ఆ చర్చ అక్కడితో ఆగింది.

ప్రిపరేటరీ అన్న మాట దగ్గర నేనే కాస్త తడబడ్డాను. మనకి ప్రిపరేషన్ అంటే ఎంసెట్, పొద్దున ఐదింటికి స్టడీ అవర్, గ్రౌండు ఉండాల్సిన చోట ఇంకో బిల్డింగు. నేను ఇంటర్ చదివిన చోట రెండేళ్లలో బంతి అనే వస్తువుని చూసిన గుర్తు లేదు. కాలేజీకి తయారుచేస్తాం అని చెప్పుకునే స్కూలు సగం పేరు ఆటల వల్ల ఎలా తెచ్చుకుంటుందో మొదట్లో నాకు బోధపడలేదు.

సరే, ఒక శుక్రవారం మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. పగలంతా మాడ్చేసిన ఎండ, ఏడయ్యేసరికి చల్లగాలి. అల్యూమినియం బెంచీలు, పాప్‌కార్న్ వాసన, ఎదురు రోడ్డులో ఉన్న కరాండలెట్ స్కూల్ ఆడపిల్లల గోల (అది సిస్టర్లు పెట్టిన స్కూలు, రెండూ జంట స్కూళ్లలాంటివి, కొన్ని క్లాసులు కలిపే జరుగుతాయి). అవతలి టీము మైదానంలోకి వచ్చిన తీరు టీవీలో చూసేలాగే ఉంది, అరుపులు, గంతులు, ఒకణ్ణొకడు గుద్దుకోవడాలు. తర్వాత వీళ్లొచ్చారు. వెండిరంగు హెల్మెట్లు. పరుగు లేదు, అరుపు లేదు. ఇద్దరిద్దరుగా వరసకట్టి, పక్కవాడి చెయ్యి పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ. ఒక్కొక్కడు నాకు రెండింతలున్నాడు. చిన్నపిల్లలు రోడ్డు దాటేటప్పుడు టీచరు చెబితే పట్టుకుంటారే, అలా.

"నాన్నా, వాళ్లెందుకు చేతులు పట్టుకున్నారు?" అన్నాడు మావాడు.

ఆ ప్రశ్నకి జవాబు తట్టలేదు నాకు. తట్టకపోవడానికి కారణం వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు స్కూలు సంగతి. 1965లో పెట్టారు. వెనక ఉన్నది ఫాదర్లు కాదు, బ్రదర్లు. 1651లో ఫ్రాన్సులోని రీమ్స్ పట్నంలో పుట్టిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్, పేదపిల్లలకి చదువు చెప్పడానికి ఏర్పాటు చేసిన సంఘం వాళ్లది. బ్రదర్లు సన్యాసం పుచ్చుకుంటారు గాని పూజ చెయ్యరు, పాఠం చెబుతారు. మన హైదరాబాదులో అజారుద్దీన్ చదివిన ఆల్ సెయింట్స్ కూడా బ్రదర్లదే, కాకపోతే వాళ్లది సెయింట్ గాబ్రియేల్ సంఘం, వేరు. డి లా సాల్‌ని ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా పోపు ప్రకటించింది 1950లో. ఈ సంఘం స్కూళ్లలో మనం దేవుని సన్నిధిలో ఉన్నామని గుర్తుచేసుకుందాం అనే మాటతో ప్రార్థన మొదలుపెట్టడం వందల ఏళ్ల అలవాటు. పిల్లలు సుమారు వెయ్యి మంది. ఫీజు ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటుతుంది. పేదపిల్లల కోసం మొదలైన సంఘం స్కూలుకి ఈ ఫీజేమిటని నాకూ అనిపించింది, స్కాలర్‌షిప్పులు ఇస్తారట, ఇస్తే మంచిదే.

ఫుట్‌బాల్ కథ అసలు 1979లో మొదలవుతుంది. అంతకుముందు ఆ స్కూలు టీము ఒక్క సీజన్‌లో కూడా ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూసిన పాపాన పోలేదు. ఆ ఏడు బాబ్ లడసూర్ అనే పాతికేళ్ల కుర్రాణ్ణి కోచ్‌గా తీసుకున్నారు. ఆయన క్లాసులో చెప్పేది మతపాఠాలు. తోడుగా ఏళ్ల తరబడి ఉన్న టెర్రీ ఐడ్సన్ కూడా అదే పాఠం చెప్పే మాస్టారు. మధ్యాహ్నం బైబిలు, సాయంత్రం బ్లాకింగు అన్నమాట. లడసూర్ 34 సీజన్లు చేసి 2013 జనవరిలో దిగిపోయేనాటికి లెక్క 399 గెలుపులు, 25 ఓటములు, 3 డ్రాలు. ఇంకొక్కటి గెలిస్తే 400. ఆ ఒక్కటి కోసం ఆగలేదాయన. ఏ సినిమా హీరోనో, ఏ రాజకీయ నాయకుడో అయితే ఆగేవాడు కాదా అని నాకు అనిపించింది.

ఇక ఆ రికార్డు. 1991 డిసెంబర్లో పక్క ఊరు పిట్స్‌బర్గ్ (మీరనుకునే పెన్సిల్వేనియాది కాదు, కాలిఫోర్నియాలోనే చివర హెచ్ లేని ఊరొకటుంది) స్కూలు చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత ఓడిపోయింది 2004 సెప్టెంబర్లో. మధ్యలో 12 సీజన్లు, 151 మ్యాచ్‌లు, అన్నీ గెలుపే. అంతకు ముందు రికార్డు మిషిగన్‌లోని హడ్సన్ అనే చిన్న ఊరి స్కూలుది, 72. దాన్ని 1997లో దాటి ఇంకా అంత దూరం పోయారు. స్టీవ్ వా జట్టు వరసగా 16 టెస్టులు గెలిచినప్పుడు, 2001 మార్చిలో కలకత్తాలో మన లక్ష్మణ్ 281 కొట్టి ఆపేదాకా వాళ్లు మనుషులేనా అని మనం ఎంత మాట్లాడుకున్నాం! అదే సంవత్సరం ఇక్కడ ఈ పిల్లలు వంద దాటేసి ఉన్నారు. హైస్కూల్ అంటే నాలుగేళ్లకోసారి పిల్లలంతా మారిపోతారు కదా, మొదటి గెలుపు నాటికి అప్పుడే బడిలో చేరిన పసివాళ్లు చివరి గెలుపులో ఆడుతున్నారు. అదే నాకు వింతగా తోచేది. ఒక టీము అన్నిసార్లు గెలవడం కాదు, మూడు తరాల పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవడం.

అన్నిట్లోకి పెద్ద మ్యాచ్ 2001 అక్టోబర్లో లాంగ్ బీచ్ పాలీ అనే పబ్లిక్ స్కూలుతో. దేశంలో ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు టీములు ఎదురెదురు. పాలీ వాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (డబ్బులకి ఆడే పెద్దవాళ్ల లీగు) లెక్కలేనంతమందిని పంపిన స్కూలు, ఒక్కొక్కడు గుమ్మం పట్టనంత ఉంటాడు. డి లా సాల్ 29-15తో గెలిచింది. నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించడం) చేసింది మారిస్ డ్రూ అనే ఐదడుగుల ఏడంగుళాల పిల్లాడు. అంటే నాకంటే ఒక అంగుళం తక్కువ! మారిస్ జోన్స్-డ్రూ పేరుతో అతనే 2011లో జాక్సన్‌విల్ టీము తరఫున బంతితో 1,606 గజాలు పరిగెత్తి ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ అంతటికీ మొదటివాడయ్యాడు.

ఎలా గెలిచేవాళ్లు అంటే మా ఆఫీసాయన చెప్పింది ఒకటే ముక్క, కిందుండేవాడు గెలుస్తాడు. ఎదురుగా వంద కిలోల వాడున్నా, నీ భుజం వాడి భుజం కంటే కింద ఉంటే, వాడికంటే రెప్పపాటు ముందు నువ్వు లేస్తే, వాడు వెనక్కి పోవాల్సిందే. మ్యాచ్ చూస్తుంటే అర్థమైంది, నేను బంతిని చూడ్డం మానేసి ముందు వరసలో వంగి కూర్చున్న ఐదుగురినే చూశాను. బంతి కదిలిందో లేదో ఐదుగురూ ఒక్క మనిషిలా లేచారు, అవతలివాళ్లు ఇంకా తల ఎత్తుతూనే ఉన్నారు. వెనక క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపేవాడు, చేసేది కనికట్టు. బంతిని పక్కనుంచి దూసుకుపోయేవాడి పొట్టలో పెడతాడు, ఎదురుగా ఉన్న డిఫెండరు ఒక్కడి వంక చూస్తాడు. వాడు లోపలికి వస్తే బంతి వెనక్కి లాక్కుని తనే పరిగెడతాడు, రాకపోతే ఇచ్చేస్తాడు, ఇంకొకడు మీదికొస్తే పక్కవాడికి విసిరేస్తాడు. దాన్ని వీర్ అంటారు. పాత చింతకాయ పచ్చడిలాంటి ఆట, మిగతా స్కూళ్లన్నీ దూరం దూరం బంతి విసిరే పద్ధతిలోకి పోయాక కూడా వీళ్లు దాన్నే పట్టుకు వేలాడారు. ఏం ఆడబోతున్నారో అందరికీ తెలుసు, అయినా ఆపలేరు.

కానీ నేను రాద్దామనుకున్నది ఆట గురించి కాదు. గురువారం గురించి.

మ్యాచ్ శుక్రవారమైతే గురువారం రాత్రి టీమంతా ఎవరో ఒక పిల్లాడి ఇంట్లో భోజనం చేస్తారు. తర్వాత అందరూ కూర్చుని మాట్లాడతారు. కోచ్ ఉపన్యాసం కాదు, పిల్లలే. ఒక్కొక్కడూ లేచి ఇంకొకడి గురించి చెప్పాలి. నువ్వు లేకపోతే నేను ఈ వేసవిలో మానేసేవాణ్ణి అనో, నిన్న ప్రాక్టీసులో నువ్వు కష్టపడలేదు, నాకు బాధేసింది అనో. పదిహేడేళ్ల మగపిల్లలు ఏడుస్తారట. ఆ వారం ప్రతివాడూ ఒక కార్డు మీద తన మాట రాసి ఇవ్వాలి. జిమ్‌లో ఏం చేస్తాను, ప్రాక్టీసులో ఏం చేస్తాను, మ్యాచ్‌లో ఏం చేస్తాను. పెద్దపెద్ద ఆశయాలు రాయకూడదు, చేశాడో లేదో చూసి చెప్పగలిగినవే రాయాలి. దాన్ని టీములో ఒకడికి ఇచ్చేస్తాడు. వాడు అందరిముందూ చదువుతాడు. వచ్చేవారం అదే జతగాడు లేచి, చేశాడు, లేక చెయ్యలేదు అని చెబుతాడు.

మా ఆఫీసాయన అలాంటి కార్డొకటి తెచ్చి చూపించాడు. మన అరచేతిలో పట్టేంత, నీలం గీతలున్న అట్టముక్క, మూలలు అరిగిపోయాయి, కాఫీ మరకో ఏదో ఒకవైపు. పెన్సిలుతో రాసిన మూడు లైన్లు. అక్షరాలు ఒకటి పైకి ఒకటి కిందికి, మా చిన్నప్పుడు కాపీ రాయించి దిద్దించేవాళ్లే, అలాంటి చేతిరాత. మూడో లైను, మొదటి క్వార్టర్‌లో నా మనిషిని ఒక్కసారి కూడా దాటిపోనివ్వను అని. "ఇంత జాగ్రత్తగా దాచుకున్నారే మీ కార్డు" అన్నాను. "నాది కాదు. నాది వాడి దగ్గరుంటుంది, నా దగ్గరుండేది వాడిదేగా" అన్నాడు. నేనే తెలివితక్కువగా అడిగాను, ఇచ్చేశాక నీది నీ దగ్గరెలా ఉంటుంది! ఈయన మొదటి పదకొండులో కూడా లేడట, మ్యాచ్ చేతిలోకొచ్చేశాక చివర్లో దింపేవాళ్లట. అయినా ముప్పై ఏళ్ల కిందటి అట్టముక్క టేబుల్ సొరుగులో స్టేప్లరు పక్కన ఉంది. నా సొరుగులో నేను ఇంటర్‌లో తెచ్చుకున్న మార్కుల జాబితా కూడా లేదు.

ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు కూడా చెప్పాలి. ఈ చుట్టుపక్కల పబ్లిక్ స్కూళ్ల తల్లిదండ్రుల్ని కదిపి చూడండి, డి లా సాల్ పేరెత్తితే పెదవి విరుస్తారు. పబ్లిక్ స్కూలుకి హద్దులుంటాయి, ఆ వీధుల్లో ఉన్న పిల్లలతోనే ఆడాలి. ప్రైవేటు స్కూలుకి హద్దు లేదు, ముప్పై మైళ్ల అవతల బాగా పరిగెత్తే పిల్లాడున్నా వచ్చి చేరొచ్చు. ఆటగాళ్లని ఎగరేసుకుపోతారని ఏళ్ల తరబడి ఆరోపణ, అలా చెయ్యమని, పిల్లలే వస్తారని స్కూలు జవాబు. రాష్ట్రం రూల్స్ ప్రకారం ఆట కోసం పిల్లల్ని పిలిచి చేర్చుకోకూడదు. పిలవక్కర్లేదు కదా, 151 గెలిచాక ఎవడైనా వాడే వస్తాడు, నా అనుమానం అది. పైగా నేను చూసిన మ్యాచ్‌లో సగం ఆటకే తేలిపోయింది, అవతలి పిల్లల మొహాలు చూస్తే జాలేసింది. వాళ్లూ శుక్రవారం కోసం వారమంతా ఎదురుచూసినవాళ్లేగా.

దెబ్బల సంగతి సరేసరి. మూడో క్వార్టర్‌లో ఒక పిల్లాడు పడి లేవలేదు, రెండు టీములూ అక్కడికక్కడే మోకాలి మీద కూర్చున్నారు, స్టాండ్సంతా నిశ్శబ్దం. నాలుగు నిమిషాల తర్వాత లేచి ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని నడుచుకుంటూ పోయాడు, అందరూ చప్పట్లు. మా ఆవిడ రాకపోవడమే మంచిదైంది. మావాడికి తలకి ఏమన్నా అయితే అన్న ఆలోచన నాకూ వచ్చింది, అది రాగానే 151 ఏమిటో 399 ఏమిటో ఏమీ గుర్తురాలేదు.

2004 గురించి రాయకుండా ఈ స్కూలు గురించి రాయలేం. టెరెన్స్ కెల్లీ అనే కుర్రాడు, అంతకు ముందు సీజన్‌లో టీముకి ప్రాణం, రిచ్‌మండ్ నుంచి వచ్చి చదువుకున్నవాడు. ఆ ఊరు తుపాకులకి పెట్టింది పేరు ఆ రోజుల్లో. ఆరెగాన్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు వచ్చింది. ఇంకో రెండు రోజుల్లో బయల్దేరాలి. ఆగస్టు 12 రాత్రి రిచ్‌మండ్‌లో కారులో కూర్చుని ఉండగా కాల్చి చంపేశారు. పద్దెనిమిదేళ్లు. మూడు వారాలు తిరిగేసరికి సెప్టెంబర్ 4న టీము సియాటెల్ వెళ్లింది, ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ల పెద్ద స్టేడియంలో బెల్‌వ్యూ హైస్కూల్‌తో మ్యాచ్. 39-20తో ఓడిపోయారు. 151 అక్కడ ఆగింది. ఆ ఓటమికి ఈ చావే కారణమని కథ అల్లడం తేలిక, నాకు ఇష్టం లేదు. బెల్‌వ్యూ వాళ్లు ఆ రోజు బాగా ఆడారు, అంతే. ఇంతకీ ఆ పిల్లలకి ఆ మూడు వారాల్లో రెండు పోయాయి, వాటిల్లో ఏది పెద్దదో వాళ్లకి తెలుసు.

తర్వాత కూడా గెలుస్తూనే ఉన్నారు, మునుపటిలా కాదు. ఉత్తర కాలిఫోర్నియా స్కూలేదీ వీళ్లని ఓడించకుండా 1991 నుంచి 318 మ్యాచ్‌లు గడిచాయి. చివరికి 2021 సెప్టెంబర్లో 31-28తో ఓడించింది ఇంకో క్యాథలిక్ స్కూలే, మౌంటెన్ వ్యూలోని సెయింట్ ఫ్రాన్సిస్. గూగుల్ ఆఫీసు ఉన్న ఊరే అది, మా వాళ్లు సగంమంది రోజూ ఆ ఊరికే పోతుంటారు. ఇక దక్షిణాన మేటర్ డే, సెయింట్ జాన్ బాస్కో అని రెండున్నాయి, అవీ క్యాథలిక్ స్కూళ్లే, ఈ మధ్య ఏళ్లలో దేశంలో చాలావరకు వాటిదే రాజ్యం. 2016 నుంచి 2019 దాకా వరసగా నాలుగేళ్లు రాష్ట్రం ఫైనల్‌కి డి లా సాల్ వెళ్లడం, ఆ రెంటిలో ఒకటి ఓడించి పంపడం. కాలిఫోర్నియాలో పెద్ద ఫుట్‌బాల్ అంటే చాలావరకు ఈ పునీతులు పునీతులు కొట్టుకోవడమే.

స్కూలంటే ఫుట్‌బాలొక్కటే అనుకోవద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డైవింగ్‌లో కాంస్యం తెచ్చిన క్రిస్టియన్ ఇప్సెన్ ఇక్కడి విద్యార్థే. మావాడికి నచ్చింది మాత్రం క్రాస్ కంట్రీ, మూడు మైళ్లు గుట్టల మీద పరుగు. ఎవడూ మీదపడడు, హెల్మెట్టు అక్కర్లేదు, వాళ్లమ్మ ఒప్పుకుంటుంది. ఆ పిల్లలు కూడా కార్డులు రాస్తారా అని అడిగాడు దారిలో. నాకు తెలీదన్నాను. "వేరే వాడి కార్డు నా దగ్గరుంటే పారేస్తానేమో, అదే టెన్షన్" అన్నాడు. వాడి గది చూసినవాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పుడు చేతుల సంగతి. మావాడు అడిగిన దానికి నాకు జవాబు ఎందుకు రాలేదంటే, ఆ ప్రశ్న నాకు పుట్టిన ప్రశ్న కాదు కాబట్టి. గుంటూరు జిల్లాలో మా ఊరి ఆర్‌సీఎం స్కూల్లో చదివాను నేను. చర్చికీ బడికీ ఒకటే ఆవరణ, పెద్ద చింతచెట్టు, దానికింద కబడ్డీ కోర్టు. సున్నం గీతలు గీసే డ్యూటీ నాదీ, మా వీధివాడొకడిదీ. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టాలంటే ఒక్కడి వల్ల కాదు, ఇద్దరు చేతులు పట్టుకుని గొలుసు కట్టాలి. మా డ్రిల్లు మాస్టారు ఎనిమిదో క్లాసు నుంచి పదో క్లాసు దాకా మా ఇద్దరికీ ఒకటే చెప్పాడు, చెయ్యి వదిలిన వాడికి బెత్తం దెబ్బలు నాలుగు అని. పట్టు కుదరాలని ప్రార్థనకి లైన్లో వెళ్లేటప్పుడు కూడా పట్టుకునే నడవమనేవాడు. మండలం ఆటలకి బస్సెక్కినా, తిరునాళ్లకి వెళ్లినా అలాగే నడిచేవాళ్లం, ఎవరికీ వింత కాదు, మా ఊళ్లో అందరు మగపిల్లలూ అలాగే నడుస్తారు. వాడి చెయ్యి గరుగ్గా ఉండేది, పొలం పని చేసేవాడు, వేసవిలో మిరపకోతలప్పుడు వాడి చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి మండేది.

టెక్సాస్‌లో ఎమ్మెస్‌కొచ్చిన మొదటివారం నేనూ మా రూమ్మేటూ ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని గ్రాసరీకి నడుస్తుంటే, సీనియరొకడు కారాపి, "ఒరేయ్, ఇక్కడ అలా నడవకండ్రా, చూసేవాళ్లు వేరేగా అనుకుంటారు" అన్నాడు. అనుకుంటే అనుకోనీ అనే ధైర్యం అప్పుడు లేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి ఆ అలవాటు పోయింది, పోయిందని కూడా గమనించలేదు. ఎన్ని ఇమ్మిగ్రేషన్ కాగితాలు నింపానో గుర్తుంది గాని ఇది ఏ తారీఖున వదిలేశానో గుర్తులేదు. ఇక్కడే పుట్టిన మావాడికి వదిలెయ్యడానికి అసలు లేనే లేదు. అందుకే వాడికి వింత.

మ్యాచ్ అయిపోయి టీము మళ్లీ వరసగా లోపలికి పోతున్నప్పుడు ఫోన్లో ఫొటో తీశాను. మసక మసగ్గా వచ్చింది గాని చేతులు కనిపిస్తున్నాయి. ఇంటికొచ్చి, మా కబడ్డీ గొలుసులో అవతలి చెయ్యి వాడిదే, వాడికి వాట్సాప్‌లో పంపించాను. వాడిప్పుడు ఊళ్లోనే ఉంటాడు, మిర్చి వ్యాపారం, ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటాం, పండక్కి ఒకటి, ఎవరైనా పోతే ఒకటి. అమెరికాలో ఫుట్‌బాల్ టీమురా, చూడు ఎలా నడుస్తున్నారో అని రాసి, 151 సంగతీ గురువారం సంగతీ అంతా చెబుదామని పెద్ద వాయిస్ మెసేజికి గొంతు సవరించుకుంటున్నాను.

ఈలోపే జవాబొచ్చింది. "ఇందులో చూడ్డానికేముందిరా, నడుస్తున్నారు. డ్రస్సులు మాత్రం బాగున్నాయి. మనకి మాస్టారు బనీన్లయినా ఇప్పించాడా?"